ఈ వేసవికి ఊరెళ్లడం లేదు, హైదరాబాద్‌లోనే పది రోజులు ఎలా గడపాలి?

ఉప్పల్ అమ్మ
ఏప్రిల్ 25, రాత్రి 10:12

అందరికీ నమస్తే. మాది ఉప్పల్. మే నెలలో అరకు వెళ్దామని జనవరి నుంచీ అనుకుంటున్నాం, చిట్టీ డబ్బులు అందుకే పక్కన పెట్టాం. మార్చిలో మా అత్తయ్యకు కంటి ఆపరేషన్ అయింది. జూన్‌లో స్కూలు ఫీజులు ఉన్నాయి. అన్నీ పోను చేతిలో మిగిలింది ఆరు వేలు. అరకు మానుకున్నాం.

పాపకు 12 ఏళ్లు, బాబుకు 8. చెప్పినప్పుడు పాప ఏమీ అనలేదు. కానీ బొర్రా గుహల ఫోటోలు అంటించుకున్న నోట్‌బుక్కును తీసుకెళ్లి అటక మీద పెట్టేసింది. అది చూసినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

మే 1 నుంచి 10 దాకా ఇక్కడే ఏదైనా మంచిగా చేయాలనుంది. మా ఆయనకు నాలుగు రోజులే సెలవు దొరికింది. అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు, ఎక్కువ మెట్లు ఎక్కలేరు. మేముండేది పై అంతస్తు, మధ్యాహ్నం ఇల్లు కొలిమిలా ఉంటుంది. మాల్స్ వద్దు, అక్కడికి పోతే కొనకుండా రావడం కష్టం. ఎవరైనా చేసి చూసినవాళ్లుంటే చెప్పండి.

ఆరో అంతస్తు
ఏప్రిల్ 25, రాత్రి 10:40

అక్కా, వేసవిలో గచ్చిబౌలి వైపు హోటళ్లలో ఆఫర్లు ఉంటాయి. ఒక్క రాత్రి ఉండి, స్విమ్మింగ్ పూల్, పొద్దున బఫే చూసుకుని వచ్చేయొచ్చు. పిల్లలకు టూర్ వెళ్లినట్టే ఉంటుంది. నలుగురైదుగురికి ఆరు వేలలో అయిపోవచ్చు.

లష్కర్‌వాసి
ఏప్రిల్ 25, రాత్రి 11:05

పోయినేడాది మేం శివార్లలో ఒక రిసార్టుకు డే ప్యాకేజీ మీద వెళ్లాం. పేరు ఎందుకులే. పూల్ దగ్గర కాలు పెట్టే చోటు లేదు, అన్నం కోసం ముప్పావు గంట లైన్‌లో నిలబడ్డాం. ఉన్న డబ్బంతా ఒక్క రోజులో అయిపోయింది, మిగతా సెలవులంతా పిల్లలు టీవీ ముందే. ఆరు వేలు పది రోజులకు పరుచుకోవాలంటే ఆ దారి వద్దని నా మాట.

పాత సిటీ బస్సు
ఏప్రిల్ 26, ఉదయం 5:50

అమ్మా, నేను సిటీ డిపోల్లో ముప్పై ఏళ్లకు పైగా కండక్టర్‌గా చేసి రిటైర్ అయ్యాను. ఏ వేసవిలో ఎవరు ఎక్కడికి పోతారో, ఏ టైముకు వాడిపోయి తిరిగొస్తారో నా కళ్లతో చూశాను. పది గంటలకు ఇంట్లో బయల్దేరి పదకొండింటికి చార్మినార్ దగ్గర దిగే కుటుంబాలే ఎక్కువ. పన్నెండున్నరకు పిల్లలు ఏడుస్తుంటారు, పెద్దవాళ్లు ఆటో కోసం వెతుకుతుంటారు. చార్మినార్ ఎక్కడికీ పోదు, 1591 నుంచి అక్కడే ఉంది. టైమే మీరు మార్చుకోవాలి.

పొద్దున ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా ఆరుబయట. పదకొండు నుంచి నాలుగు దాకా కప్పు కింద, అది ఇల్లయినా సరే, మ్యూజియం అయినా సరే. ఐదున్నర తర్వాత మళ్లీ బయట. ఒక రోజులో పొద్దున తిరిగితే సాయంత్రం ఇంట్లో ఉండండి. రెండూ పెట్టుకుంటే మూడో రోజుకు ఎవరో ఒకరు పడకేస్తారు.

ఇక ఖర్చు సంగతి. ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మీకు, పాపకు, అత్తమ్మకు మహాలక్ష్మి (ఆడవాళ్లకు ఉచిత బస్సు పథకం) కింద జీరో టికెట్. తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు ఒరిజినల్ దగ్గరుంచుకోండి. ఫోన్‌లో ఫోటో చూపిస్తే ఒప్పుకోరు, అక్కడ వాదన పడి మనసు పాడు చేసుకోవద్దు. బాబుకు అర టికెట్, సారుకు పూర్తి టికెట్. ఏసీ బస్సులకు ఈ పథకం లేదు. జీరో టికెట్ అయినా అడిగి తీసుకోండి.

పిల్లలు రైలు ఎక్కలేదని బాధపడుతుంటే ఒక రోజు పొద్దున్నే ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కించండి. లింగంపల్లి నుంచి ఫలక్‌నుమా దాకా పోతే కొత్త ఊరూ పాత ఊరూ రెండూ కిటికీలోంచే కనబడతాయి. చాలా తక్కువ టికెట్‌తో అయిపోయే ప్రయాణం అది. ఆదివారం అయితే కూర్చోవడానికి సీటు కూడా దొరుకుతుంది.

మల్లెతీగ
ఏప్రిల్ 26, ఉదయం 11:20

నేను ఒక్క మాట అడుగుతాను, ఎవరూ ఏమనుకోవద్దు. అరకు వెళ్తే ఉప్పల్ అమ్మ గారికి నాలుగు రోజులు వంట ఉండేది కాదు. ఇక్కడే ఉంటే పొద్దున ఐదున్నరకు బయల్దేరాలంటే ఆమె నాలుగింటికి లేవాలి. టిఫిన్ కట్టాలి, నీళ్లు నింపాలి, తిరిగొచ్చాక వంట, అంట్లు, చెమట బట్టలు. అందరికీ సెలవే, ఆమెకు మాత్రం రెట్టింపు పని. నాకు రెండేళ్ల కింద ఇదే జరిగింది. పిల్లలు సంతోషపడ్డారు, నేను జూన్ వచ్చేసరికి మంచం పట్టాను.

అందుకే ఆరు వేలలో ముందు టిఫిన్ల డబ్బు తీసి పక్కన పెట్టండి. బయటికి వెళ్లిన ప్రతి రోజూ పొద్దున టిఫిన్ బండి దగ్గరే. ఇడ్లీ, దోశ తింటే ఐదుగురికి మూడు వందల లోపే అవుతుంది. రాత్రికి పెరుగన్నం, ఆవకాయ, ఒక మామిడిపండు చాలు. సారుకు సెలవున్న నాలుగు రోజులు వంటగది ఆయనదే అని ముందే చెప్పేయండి. ఇది నేను మనసారా చెబుతున్నాను.

ఉప్పల్ అమ్మ
ఏప్రిల్ 26, మధ్యాహ్నం 2:35

మల్లెతీగ అక్కా, ఇది మా ఆయనకు చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అన్నం, పప్పుచారు నాకు వచ్చు కదా" అన్నారు. అంటే ఒప్పుకున్నట్టే.

తెలుగు పంతులు
ఏప్రిల్ 26, రాత్రి 8:15

తల్లీ, బడిపిల్లల్ని ఎన్నోసార్లు ఈ ఊళ్లో తిప్పినవాణ్ని. ఒక రోజు గోల్కొండ, ఒక రోజు జూ, ఒక రోజు బిర్లా మందిర్ అని చోట్లు లెక్కపెట్టుకుంటూ పోతే పిల్లలకు ఏదీ గుర్తుండదు. ఒక కథను పట్టుకుని దాని వెంట నడిపించండి. రెండు కథలు చెబుతాను.

మొదటిది మూసీ కథ. 1908 సెప్టెంబరు 28న మూసీకి వరద వచ్చి వేలమంది చనిపోయారు. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. రోగులు తిరిగే చోటు కాబట్టి చప్పుడు చేయకుండా వెళ్లి చూసి రండి. ఆ పక్కనే రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. 1891లో అసఫియా లైబ్రరీగా మొదలైంది, ఇప్పుడున్న భవనం 1936 నాటిది. ఎత్తైన కప్పు, మందమైన గోడలు. మే నెలలో కూడా లోపలికి అడుగు పెడితే వేడి తగ్గినట్టు తెలుస్తుంది. నయాపుల్ దాటితే అవతలి ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియం. ఇవన్నీ దగ్గర దగ్గరే. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. దాని ఫలితమే 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్ (గండిపేట), 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్ జలాశయాలు. కాబట్టి ఇంకో రోజు సాయంత్రం గండిపేట గట్టు చూపిస్తే, చింతచెట్టు దగ్గర మొదలైన కథ అక్కడ పూర్తవుతుంది. నీళ్లలోకి మాత్రం దిగనివ్వకండి.

రెండోది రామదాసు కథ. ట్యాంక్‌బండ్ మీద 1986లో నిలిపిన విగ్రహాల్లో రామదాసూ ఉన్నాడు, ఆయన్ను చెరలో పెట్టిన గోల్కొండ చివరి రాజు తానీషా కూడా ఉన్నాడు. ఖైదీ, రాజు ఇద్దరూ ఒకే గట్టు మీద! ముందు అక్కడ ఇద్దర్నీ వెతికించండి. తర్వాత గోల్కొండలో రామదాసు బందీఖానా చూపించండి. కోట లోపలికి వెళ్లే ద్వారం కింద చప్పట్లు కొడితే కొండ పైన బాలాహిసార్ దాకా వినబడుతుందని పిల్లలకు ఎలాగూ తెలుస్తుంది. ఆ చీకటి గదిలో ఒక మనిషి ఏళ్ల తరబడి కూర్చుని పాటలు కట్టాడని మాత్రం మనమే చెప్పాలి. కోటలో పదిహేనేళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. అయితే ఈ ఎండల్లో పైదాకా ఎక్కించవద్దు, అత్తగారిని అసలే వద్దు.

సాలార్‌జంగ్‌కు శుక్రవారం సెలవు, జూకు సోమవారం సెలవు. చౌమహల్లా ప్యాలెస్ కూడా శుక్రవారం తెరవరు.

విశాఖ తీరం
ఏప్రిల్ 27, ఉదయం 9:02

మాకు వైజాగ్‌లో ఇలాంటివి ఏమున్నాయో కూడా ఎవరైనా చెప్పండి ప్లీజ్.

నిర్వాహకులు
ఏప్రిల్ 27, ఉదయం 9:30

విశాఖకు విడిగా చర్చ మొదలుపెట్టండి, దీనికి లంకె కలుపుతాం. ఇక్కడ హైదరాబాద్ గురించే కొనసాగిద్దాం.

తెల్ల చీర సిస్టర్
ఏప్రిల్ 27, రాత్రి 9:44

నేను ఆసుపత్రిలో నర్సుని. మేలో వడదెబ్బ కేసులు రోజూ చూస్తాం. ఉప్పల్ అమ్మ గారూ, మీ అత్తయ్య గురించి చెప్పాలనిపించింది. కంటి ఆపరేషన్ అయి ఎక్కువ రోజులు కాలేదు కాబట్టి దుమ్ము, ఎండ రెండూ తగలకుండా నల్లద్దాలు తప్పకుండా పెట్టించండి. చుక్కల మందు సీసా ఎండలో తిరిగే సంచిలో పెట్టకండి. ఆమె బీపీ మాత్రలు వేసుకుంటుంటే ఎండలో తిరిగే ముందు డాక్టర్‌ను ఒక మాట అడగండి.

దాహం అయ్యేదాకా ఆగకుండా అరగంటకోసారి నీళ్లు తాగించాలి. మజ్జిగలో ఉప్పు, నిమ్మరసం వేసి సీసాల్లో పోసుకోండి, రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు సంచిలో ఉంచండి. కూల్‌డ్రింకు నీళ్లకు బదులు కాదు. మనిషి ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతుంటే, మగతగా అయిపోతే అది మామూలు నీరసం కాదు. నీడకు చేర్చి, తడిబట్టతో ఒళ్లంతా తుడుస్తూ, గాలి విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు. ఈ ఒక్కటి అందరూ గుర్తుపెట్టుకోండి.

మేడమీద చుక్కలు
ఏప్రిల్ 28, సాయంత్రం 6:18

మీ పది రోజుల్లో మే 9 ఉంది, అది వదలకండి. హైదరాబాద్‌లో ఆ రోజు మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాలకు సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన వస్తువుకు నీడ పక్కకు పడదు. మామూలు మధ్యాహ్నాల్లో కొంచెమైనా ఉత్తరానికో దక్షిణానికో పడుతుంది. మన ఊరికి ఇలా ఏడాదికి రెండుసార్లే, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో. అప్పుడు మబ్బులుంటాయి, అందుకే మేలో చూడాలి.

పైసా ఖర్చు లేదు. మేడ మీద చదునైన చోట ఒక స్టీలు గ్లాసు, ఒక సీసా, ఒక పీవీసీ పైపు ముక్క నిలబెట్టండి. 12:05 నుంచి రెండు నిమిషాలకోసారి నీడ చివర సుద్దముక్కతో గీత గీయమనండి. పది నిమిషాలే కాబట్టి టోపీ పెట్టుకుని చెప్పులు వేసుకుంటే చాలు. సూర్యుడి వైపు మాత్రం చూడకూడదు. పాపకు 12 ఏళ్లంటున్నారు, భూమి వంపు గురించి పుస్తకంలో చదివే ఉంటుంది. అది కళ్ల ముందు కనబడుతుంది.

ఆసక్తి కలిగితే నౌబత్ పహాడ్ మీది బిర్లా ప్లానెటేరియంలో తెలుగు షో చూపించండి. 1985 నుంచి నడుస్తోంది. చీకటి, చల్లదనం, తల పైకెత్తితే నక్షత్రాలు. నా చిన్నప్పుడు అక్కడ పట్టుకున్న పిచ్చి ఇంకా వదల్లేదు.

ఆరో అంతస్తు
ఏప్రిల్ 28, రాత్రి 10:50

నేను ముందు హోటల్ అని చెప్పాను. ఇవన్నీ చదివాక నాకే వెళ్లాలనిపిస్తోంది. పదకొండేళ్లుగా ఇక్కడ ఉంటున్నా సాలార్‌జంగ్ లోపలికి వెళ్లలేదు. పై అంతస్తు వేడి గురించి మాత్రం నాకు తెలిసింది చెబుతాను. మా అమ్మానాన్నల ఇంటి మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ వేయించాం. గదిలో తేడా చేతికి తెలుస్తోంది. 2023లో రాష్ట్ర ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం కూడా తెచ్చింది. అద్దె ఇల్లయితే ఓనర్‌ను అడిగి కనీసం సున్నం కొట్టించండి. అది చాలా తక్కువలో అవుతుంది.

లష్కర్‌వాసి
ఏప్రిల్ 29, ఉదయం 7:25

పిల్లలు పుస్తకాలు చదివేవాళ్లయితే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మర్చిపోవద్దు. పాత పుస్తకాలు కుప్పలుగా పోస్తారు. పిల్లలకు చెరో వంద ఇచ్చి, ఏం కొంటారో వాళ్లకే వదిలేయండి. అక్కడి నుంచి మొజంజాహీ మార్కెట్ దగ్గరే, మామిడిపండు ఐస్‌క్రీమ్ సీజన్ ఇదే.

ఉప్పల్ అమ్మ
మే 5, రాత్రి 9:30

ఈరోజు మంగళవారం, మూసీ కథ మొదలుపెట్టాం. ఎక్కడెక్కడ ఏమైందో చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది.

ఏడింటికి బస్సు ఎక్కి అఫ్జల్‌గంజ్‌లో దిగాం. చింతచెట్టు దగ్గర బాబు చాలాసేపు కొమ్మలు లెక్కపెట్టాడు. "నూట యాభై మంది ఎట్లా పట్టారు?" అని ఒకటే ప్రశ్న. టిఫిన్ బయటే. లైబ్రరీలో అత్తయ్య కుర్చీలో కూర్చుని కాళ్లు చాపుకున్నారు, పాప ఒక పుస్తకం పట్టుకుని గంట లేవలేదు. తర్వాత సాలార్‌జంగ్. పన్నెండుకు అక్కడి బొమ్మల గడియారం ముందు జనం ఎక్కువ ఉంటారని పదకొండు గంటలకే అక్కడ కూర్చున్నాం. ఒక చిన్న బొమ్మ సెకను సెకనుకూ సుత్తితో కొడుతూనే ఉంటుంది. గంట కొట్టే బొమ్మ మాత్రం టైమ్ అయ్యే ముందు తలుపు తీసుకుని బయటికి వస్తుంది. పదకొండు దెబ్బలు కొట్టి లోపలికి వెళ్లిపోయింది. పన్నెండుకు మళ్లీ చూడాలని బాబు పట్టుబట్టాడు. చూశాం.

ముసుగు వేసుకున్న రెబెకా పాలరాతి బొమ్మ దగ్గర మా పాప నిలబడిపోయింది. రాతిని పల్చటి బట్టలా ఎలా చెక్కారమ్మా అని అడిగింది. నేనూ దాన్నే చూస్తున్నాను. చాలా రోజుల తర్వాత ఇద్దరం ఒకే వస్తువును అంతసేపు చూశాం.

తప్పు జరిగింది తిరుగు ప్రయాణంలో. మూడున్నరకే బయటపడ్డాం. ఆ ఎండకు అత్తయ్యకు కళ్లు తిరిగినట్టయింది. సిస్టర్ గారు చెప్పినట్టే నీడలో కూర్చోబెట్టి ఉప్పు మజ్జిగ ఇచ్చాం. పావుగంటలో తేరుకున్నారు. ఇంకో గంట లోపలే ఉండాల్సింది.

పాత సిటీ బస్సు
మే 5, రాత్రి 9:52

అత్తమ్మ ఇప్పుడెలా ఉన్నారు? రేపు ఎక్కడికీ పోవద్దు, ఇంట్లోనే ఉండండి.

ఉప్పల్ అమ్మ
మే 6, ఉదయం 6:40

బాగున్నారు అన్నా. రాత్రి హాయిగా నిద్రపోయారు. ఈరోజు ఇంట్లోనే. మా ఆయన వంట చేస్తున్నారు.

ఉప్పల్ అమ్మ
మే 9, మధ్యాహ్నం 1:10

నీడ మాయమైంది! పిల్లలు కింద అంతస్తు పిల్లల్ని కూడా పిలిచారు, మేడ మీద తొమ్మిది మంది. పాప సుద్దతో గీతలు గీసింది. 12:12కి గ్లాసు చుట్టూ ఏమీ లేదు. అందరూ ఒక్కసారి అరిచారు. పాప అటక మీది నోట్‌బుక్ దించి, బొర్రా ఫోటోల తర్వాతి పేజీలో ఆ గీతలన్నీ కొలిచి వేసుకుంటోంది.

మేడమీద చుక్కలు
మే 9, మధ్యాహ్నం 1:25

ఆ పేజీ వచ్చే ఏడు దాకా దాచమనండి. మళ్లీ మే 9న కొలిచి పోల్చుకోవచ్చు. చాలా సంతోషం అక్కా.

ఉప్పల్ అమ్మ
మే 10, రాత్రి 11:15

ఈరోజుతో పది రోజులు అయిపోయాయి. మొత్తం ఖర్చు 4,380. ఎక్కువ పోయింది టిఫిన్లకూ, మామిడిపండ్లకూ, మ్యూజియం, ప్లానెటేరియం టికెట్లకూ. ఒక రోజు తప్పక ఆటో ఎక్కాల్సి వచ్చింది. అబిడ్స్‌లో పిల్లలు కొన్న పుస్తకాలు ఏడు. గోల్కొండకు, గండిపేటకు వెళ్లలేకపోయాం, అవి చలికాలానికి ఉంచాం.

ఈ సాయంత్రం జరిగింది చెప్పాలి. పంతులు గారు చెప్పినట్టు రామదాసునూ తానీషానూ వెతుకుదామని ట్యాంక్‌బండ్ వెళ్లాం. పిల్లలు విగ్రహాల వెంట పరుగెత్తుతున్నారు. అత్తయ్య మాత్రం గట్టు మీద కూర్చుని హుస్సేన్‌సాగర్ మధ్యలోని బుద్ధ విగ్రహం వైపే చూస్తున్నారు. ఆమెది భువనగిరి దగ్గర ఊరు. ఉన్నట్టుండి "ఆ రాయి మా రాయగిరి గుట్టది" అన్నారు. దాన్ని తరలించిన రోజు రోడ్డు పొడుగునా జనం నిలబడ్డారట. అన్ని చక్రాల బండిని ఆమె ముందెప్పుడూ చూడలేదట. అప్పటికి మా ఆయన చంటిపిల్లాడు, ఎత్తుకుని నిలబడి చూశారట. తర్వాత 1990లో పడవ మునిగి విగ్రహం నీళ్ల అడుగుకు పోయిందని విన్నప్పుడు ఆ ఊళ్లలో చాలామంది అన్నం తినలేదని చెప్పారు. 1992లో తీసి నిలబెట్టినా, ఎదురుగా కూర్చుని తీరిగ్గా చూడటం ఇదే మొదటిసారి అన్నారు.

మా పెళ్లయి పద్నాలుగేళ్లు. ఈ మాట ఒక్కసారి కూడా మా ఇంట్లో రాలేదు. పిల్లలు రామదాసును వదిలేసి ఆమె చుట్టూ చేరారు. తొమ్మిదిన్నర దాకా లేవలేదు.

ఇప్పుడు పాపకు ఆ రాయి తీసిన గుట్ట చూడాలనుంది. అత్తయ్యకూ వెళ్లాలనే ఉంది, పైకి అనడం లేదు. మిగిలిన డబ్బులో అవుతుందా? ఉప్పల్ నుంచి రాయగిరికి ఎలా వెళ్లాలి అన్నా?

పాత సిటీ బస్సు
మే 11, ఉదయం 5:35

డబ్బు మిగులుతుంది కూడా. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర యాదగిరిగుట్ట ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి దాటాక రాయగిరి మీదుగానే పోతుంది. మీ ముగ్గురికీ టికెట్ లేదు. ఎండ ముదరక ముందే చేరాలంటే పొద్దున ఆరింటికల్లా స్టాపులో ఉండండి. అత్తమ్మను ఎడమ వైపు కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. పొద్దుటిపూట అటు వెళ్లేటప్పుడు ఎండ కుడివైపు పడుతుంది.